తేరు తిరిగే మూల

మొన్న కార్తీకం ముసురులో తిరుపతిలో రైలు దిగి గోవిందరాజస్వామి గుడి వైపు నడుస్తుంటే, మాడ వీధి మలుపులో ఒక వాసన కాళ్ళకు అడ్డం పడింది. తడిసిన పాత సున్నం వాసన. మూలమీదున్న మిద్దె ఇంటిని పడగొడుతున్నారు. గోడ సగం దాకా పోయింది. వానకు తడిసిన రద్దులోంచి సున్నం, ఇటుక పొడి, పాత టేకు కలిసిన చల్లటి వాసన లేస్తోంది. అందులో బెల్లం కూడా ఉన్నట్టనిపించింది. ఉండదు. ఎన్నో ఏళ్ళ కిందటి బెల్లం ఇప్పుడెందుకు వాసనేస్తుంది! కానీ ఈ వీధుల్లో మిద్దె వేస్తుంటే చూసిన ముక్కులకు సున్నాన్నీ బెల్లాన్నీ విడదీయడం రాదు.

ఆ మిద్దెలు వేసే పద్ధతి ఇప్పటి మేస్త్రీలకు చెబితే నవ్వుతారు. గోడల మీద దూలాలు, దూలాల మీద అడుగున్నర ఎడంతో టేకు దంతెలు, అంటే సన్నటి అడ్డకర్రలు. వాటి మీద అంగుళం మందం, ఆరంగుళాల పొడవుండే చిన్న ఇటుకల్ని పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టి పేర్చాలి. అదీ గోడకు తిన్నగా కాదు, మూలవాటంగా. కింద చెక్కల దన్ను ఉండదు కాబట్టి పని గది మూలలో మొదలవుతుంది. మొదటి వరస రెండు ఇటుకలతో అయిపోతుంది. అది బిగుసుకున్నాక రెండో వరస దానికి ఆనుకుంటుంది, మూడోది రెండోదానికి. ఒక్కో ఇటుకకూ సున్నం పూసి, పక్కదానికి నొక్కిపట్టి, చెయ్యి తీసినా నిలబడుతుందనిపించాకే ఇంకోటి ఎత్తుకునేవాళ్ళు. మంచి పనివాడు నొక్కిపట్టినంతసేపు మాట్లాడడు.

ఇటుకల మీద పోసేది గానుగ సున్నం. గుండ్రంగా తవ్విన కాలవలో రాతి చక్రం, దాన్ని తిప్పే ఎద్దు. ఒక పాలు సున్నానికి రెండు పాళ్ళ ఇసుక. సున్నపురాయిని నీళ్ళు పోసి విరిపించిన రోజే గానుగలో వేస్తే లోపల విరియని పలుకులు మిగిలిపోతాయి. మిద్దె వేసిన ఆరు నెలలకు అవి ఉబ్బి, గచ్చు మీద పొక్కులు లేస్తాయి. అందుకని కనీసం వారం రోజులు నీళ్ళల్లో మాగనిచ్చేవాళ్ళు. ఈ సున్నంలో ఇటుక కంకర కలిపి నాలుగంగుళాల మందం పోస్తే, కొట్టి కొట్టి మూడంగుళాలకు దించాలి. రాత్రంతా కరక్కాయలు నానిన నీళ్ళు, బెల్లం నీళ్ళు చిలకరిస్తూ, ఆడవాళ్ళు వరసగా గొంతుక్కూచుని చెక్క పలకలతో కొట్టుకుంటూ వెనక్కి జరిగేవాళ్ళు. మూడు రోజులకు తక్కువ పని కాదది. ఎండాకాలం మధ్యాహ్నాల్లో వీధంతా ఆ చప్పుడే. దెబ్బ "దబ్" మన్నంతసేపూ పని అయినట్టు కాదు. పలక తనంతట తాను ఎగిరి చేతిలోకొస్తూ "టంగ్" మనాలి. మేస్త్రీ కింద అరుగు మీద కూచుని తమలపాకు నములుతూనే చెప్పేవాడు: "తూర్పు పక్క ఇంకా పచ్చిగా ఉండాది మే, ఆడ రెండు చేతులెయ్యండి."

నీళ్ళు జారే వాటం కూడా అప్పుడే కుదరాలి. పది అడుగులకు మూడంగుళాలు. అంతకంటే తగ్గితే నీళ్ళు నిలుస్తాయి. అయినా ఈ మిద్దెల ప్రాణం తీసింది వానలు కావు, సిమెంటు. పగులు కనబడగానే ఎవరో ఒకరు సిమెంటు పూసేవాళ్ళు. ఎండకు సున్నం కాస్త సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది. సిమెంటు దాంతో కలిసి రాదు. అతుకు చుట్టూ వెంట్రుకవాసి సందు పడుతుంది. ఆ సందులోంచి దిగిన నీళ్ళు నేరుగా గోడలో దాగిన దంతె మొదటికి చేరతాయి. గాలి తగలని చోటు కాబట్టి ఆరదు, చెద పడుతుంది. మొన్న రద్దులో పడున్న దంతెలన్నీ అట్లానే ఉన్నాయి. నడుమ గొడ్డలి పెడితే తిరిగొచ్చేంత గట్టి, రెండు కొసలూ బొగ్గులా నల్లగా పొడి పొడి.

సరే, ఇల్లు సంగతి పక్కన పెడదాం. అసలు ఆ ఇల్లు ఆ గీత దగ్గరే ఎందుకు ఆగిందో, వీధిలోకి ఇంకో రెండడుగులు ఎందుకు రాలేదో అది చెప్పాలి. ఈ వీధుల వెడల్పు మనుషుల కోసం పెట్టింది కాదు. తేరు కోసం పెట్టింది.

పన్నెండో శతాబ్దంలో రామానుజులు గోవిందరాజుల్ని ఇక్కడ ప్రతిష్ఠించాక గుడి చుట్టూ ఊరు అల్లుకుంది. మూలమూర్తి పడుకుని ఉంటాడు, అభిషేకం చేయరు. వీధుల్లోకి వచ్చేది ఉత్సవమూర్తే. ఆయన వచ్చే దారికి రెండు పక్కలా ఊరు. కర్నాల వీధి, బేరి వీధి, బండ్ల వీధి, తీర్థకట్ట వీధి, పేరు చదివితేనే ఎవరుండిన వీధో, దేనికి పోయే వీధో తెలిసిపోతుంది. వీటన్నిటి నెత్తిమీద మట్ల అనంతరాజు కట్టించిన ఏడంతస్తుల గాలిగోపురం. రైల్వే స్టేషన్ నుంచి బయటికొస్తే దారి అడగాల్సిన పని లేకుండా చేసేది అదొక్కటే.

మున్సిపాలిటీ 1886లో వచ్చింది, రైలు 1891లో. అప్పటికి కొండమీద పెత్తనం హథీరాంజీ మఠం మహంతులది. 1843లో మొదలై 1933 దాకా నడిచింది. ఆ మఠం భవనం గాంధీ రోడ్డులో. రైలొచ్చాక ఈ నాలుగు వీధుల నడక మారిపోయింది. బండి దిగినవాడు ఆ పూటే కొండెక్కడు. సత్రంలో మూట దించాలి, స్నానం చెయ్యాలి, గోవిందరాజుల్ని చూసుకోవాలి, తెల్లారుజామున అలిపిరి మెట్లు పట్టాలి. అంటే ప్రతి యాత్రికుడూ ఒక రాత్రి దిగువ తిరుపతి వాడు. బజారు బతికింది ఆ ఒక్క రాత్రి మీదే. 1944లో ఘాట్ రోడ్డు పడ్డాక కూడా ఆ అలవాటు చాన్నాళ్ళు పోలేదు. బస్సులు స్టేషన్ ముందు నుంచే నేరుగా కొండకు పోవడం ఎక్కువయ్యాక పోయింది. స్టేషన్ దగ్గరి గోవిందరాజ సత్రాలు కూడా ఇప్పుడు లేవు. అచ్యుతం, శ్రీపథం అని కొత్త వసతి గృహాలు అనుకున్నారు ఆ చోట.

వైశాఖంలో గోవిందరాజుల బ్రహ్మోత్సవాలు, ఎనిమిదో రోజు తేరు. వీధికి పని మాత్రం నెల ముందే మొదలయ్యేది. మొట్టమొదట చూసేది గుంతలు. కొళాయి గొట్టానికో మురుగు కాలవకో తవ్విన చోట మట్టి ఒక్కసారిగా తోసేసి పైన చదును చేస్తే లారీకి సరిపోతుంది, తేరుకు సరిపోదు. లారీ రబ్బరు చక్రాల మీద క్షణంలో దాటిపోతుంది. తేరు పోయి పోయి సరిగ్గా అక్కడే ఆగుతుంది, ఇనుప పట్టా కొట్టిన కొయ్య చక్రాల మీద. అందుకని అర అడుగు మట్టి, నీళ్ళు, దిమ్మిస. మళ్ళీ అర అడుగు. ఇట్లా పైదాకా. పండగకు వారం ముందు తవ్విన గుంత ఎంత కొట్టినా నమ్మకూడదు. కాలవ మీద బండలయితే ఒక్కోదాన్నీ గడ్డపారతో తట్టి విని, డొల్ల పలికినదాన్ని మార్చాలి. చక్రం కాలవలో దిగబడిందంటే మామూలు జాకీతో లేవదు. కింద మొద్దులు పేర్చుకుంటూ, అంగుళం అంగుళం లేపుకుంటూ, ఒక పూట పోతుంది. ఆ పూటంతా వైశాఖపు ఎండ.

ఎండతో ఇంకో చిక్కు తారు. పది దాటితే మెత్తబడి చక్రం కింద కుంగుతుంది. పొద్దున్నే లాగడానికి అదొక కారణం. ఇసుక చల్లితే కొంత మేలు. కొయ్యకు మాత్రం తేమ కావాలి. ఏడాదంతా నిలబడ్డ చక్రం ఎండి బిగువు సడలుతుంది. చెక్కలు కలిసే చోట వేలి గోరు దూరేంత సందు పడుతుంది. తడి గోనెలు కప్పి, నీళ్ళు పోసి, అవి ఉబ్బి బిగుసుకునేదాకా కాసుకోవాలి. తర్వాత ఇరుసుకు కందెన. ఆముదంలో గడ్డి మసి కలిపి కుమ్మిన నల్లటి ముద్ద. ఉట్టి ఆముదం పోస్తే వేడికి పలచబడి కారిపోతుంది. మసి కలిస్తే పట్టుకుని ఉంటుంది. ఆ వాసన బట్టలకంటితే ఎన్ని ఉతుకులకూ పోదు.

తర్వాత వైర్లు. కరెంటు వాళ్ళు పద్ధతిగానే వచ్చి లైను ఆపి, అడ్డం ఉన్నవి విప్పి, తేరు దాటాక కట్టేవాళ్ళు. కేబుల్ టీవీ వచ్చాకే గోల. ఈ మిద్దె నుంచి ఆ మిద్దెకు ఎవరు వేశారో తెలియని తీగలు. అడిగితే ఎవరిదీ కాదు, తెంపితే సాయంత్రానికి పదిమంది సొంతదార్లు. చివరికి కొసన కొక్కెం కట్టిన వెదురు గడతో ఒకడు తేరు మీదే నిలబడి, కలశానికి తగలకుండా ఒక్కో తీగనూ ఎత్తుకుంటూ పోవలసి వచ్చేది. అంగళ్ళ ముందు రేకు చూరులు కొందరు తెలివిగా బందుల మీద పెట్టించుకున్నారు. తేరు రోజు పైకి మడిచి గొలుసు తగిలించడమే. మిగతావాళ్ళు పొద్దున్నే మేకులు పీకుతూ, సాయంత్రం కొట్టుకుంటూ.

మోకులు పీచువి, మనిషి పిడికిట్లో ఇమడనంత లావు. కొత్త మోకు మొదటి లాగుకే సాగుతుంది. ముందువాళ్ళు లాగి వెనక్కి పడతారు, తేరు కదలదు. అందుకే కొత్తదాన్ని ముందే బరువు కట్టి సాగదీసి పెట్టుకోవాలి. అసలు నిలబడ్డ తేరును కదిలించేది మోకు కాదు. వెనక చక్రాల కింద పెట్టి పైకెత్తే పొడవాటి దూలాలు. వాటి కొసలమీద పదిమంది ఒక్కసారి పడి తొక్కితే చక్రం వేలెడు ముందుకు దొర్లుతుంది. ఆ వేలెడు దొరికిన క్షణంలో మోకు బిగియాలి. ఒక్క రెప్పపాటు తేడా వచ్చినా చక్రం తిరిగి తన గుంటలోకే వచ్చి కూచుంటుంది. "గోవిందా" అని అందరూ ఒకేసారి అరవడంలో భక్తి ఎంతో అక్కరా అంతే.

లాగేవాళ్ళకు వెనకేం జరుగుతోందో కనబడదు, డోలు చప్పుడులో మాట వినబడదు. పచ్చ గుడ్డ ఊపితే లాగు, ఎర్ర గుడ్డ ఊపితే వదులు. జనం తేరు మీదికి ఉప్పు, మిరియాలు విసురుతారు. మొక్కు అది. లాగేవాళ్ళ ఉత్త కాళ్ళ కింద ఆ రాళ్ళుప్పు పరపరలాడుతుంది. చెమట కాళ్ళకు, చీరుకున్న మడమలకు అది ఎట్లా మండుతుందో లాగినవాళ్ళనే అడగాలి.

తిన్నగా పోవడంలో పెద్ద విద్య లేదు. మలుపు దగ్గర ఉంది. తేరు ఇరుసు బండి కాడిలా తిరగదు, బిగించినట్టే ఉంటుంది. కుడికి తిప్పాలంటే కుడి చక్రానికి చెక్క అడ్డం వేసి ఆపి, ఎడమ మోకు ఒక్కటే లాగాలి. చక్రాలు దొర్లకుండా పక్కకు జారాలి కాబట్టి కింద ఇనుప రేకులు పరిచి వాటికి కందెన పూస్తారు. ఒక లాగుకు తేరు ముక్కు జానెడు తిరుగుతుంది. ఆపి, చెక్కలు తీసి, మళ్ళీ వేసి, మళ్ళీ లాగి. అవతలి మోకు వాళ్ళు ఊరికే ఉండలేక కాస్త లాగారా, చేసినదంతా పోతుంది. చెక్కలు వేసేవాళ్ళు దొర్లే చక్రానికి మూరెడు దూరంలో వంగి నడుస్తూ పని చేస్తారు. చెక్కను గుండె ముందు పట్టుకుని వెయ్యకూడదు, పక్కనుంచి తోసి చెయ్యి లాగేసుకోవాలి. వెయ్యి మంది పట్టుకున్న తాడు కంటే ఈ నలుగురి కళ్ళ మీదే తేరు నడిచేది. ఇప్పుడు చాలా ఊళ్ళల్లో తేర్లకు తిరుచ్చి బీహెచ్ఈఎల్ వాళ్ళు చేసిన ఇనుప చక్రాలు, బ్రేకులు వచ్చాయి. మంచిదే. ఎన్ని వేళ్ళు మిగిలాయో.

తేరు లేని దినాల్లో ఇవే మలుపులు జట్కాలవి. స్టేషన్ నుంచి తిరుచానూరుకు, కపిలతీర్థానికి, అలిపిరికి. జట్కాలో ఎక్కడం కంటే కూచోవడం కష్టం. అందరూ వెనక్కి చేరితే గుర్రానికి రెండు పక్కలా ఉండే నొగలు పైకి లేచి, కడుపు కింది పట్టెడ బిగిసి గుర్రం ఉక్కిరిబిక్కిరవుతుంది. ముందుకు చేరితే బరువంతా దాని వీపు మీద. అందుకే జట్కావాడు కదలకముందే ఒకసారి నొగ చేత్తో ఎత్తి చూసుకుని, "ఏం సామీ, పెద్దాయన కొంచెం ముందుకు రావల్ల, ఆ మూట యెనక్కి పోవల్ల" అని ఇంటిల్లిపాదినీ సర్దేవాడు. కూచునే చోట గడ్డి పరిచి పైన చాప. గుర్రానికి నానబెట్టిన ఉలవలు. అరిగిన లాడంతో వానరోజు తారు మీద గుర్రం జారిందంటే లేపడానికి ముందు బండి విప్పాలి. కొట్టి లేపబోతే కాలు విరుగుతుంది.

చక్రానికి పట్టా వేయించుకోవడం బండ్ల వాళ్ళకు పెద్ద పండగ. ఇనుప పట్టాను చక్రం చుట్టుకొలత కంటే కాస్త తక్కువకు అతికించి, చుట్టూ పిడకలు పేర్చి ఎర్రగా కాల్చి, ముగ్గురు పట్టకార్లతో ఎత్తి చక్రం మీద దించి, కొయ్య అంటుకునేలోగా నీళ్ళు కొట్టేవాళ్ళు. ఆ బుస్సుమనే పొగలో ఇనుము ముడుచుకుంటూ ఉంటే చక్రం అంచు చెక్కలైన పూటీలు, నడుమ ఆకులు కిర్రుకిర్రుమంటూ దగ్గరికి జరగడం వినబడేది. మరీ చిన్నది చేస్తే ఆకులు వంగుతాయి. పెద్దదయితే రెండు ఎండలకు ఊడిపోయి దొర్లుకుంటూ ముందు పోతుంది, వెనక బండి, దాని వెనక తిట్లు.

బజారు తెల్లారేది పలకల చప్పుడుతో. అంగళ్ళకు షట్టర్లు కావు, గడప గాడిలో నిలువుగా దిగే చెక్క పలకలు. ఒక్కోదానికీ తారుతో అంకె. వరస తప్పితే ఆఖరిది పట్టదు. ముసురు రోజుల్లో ఉబ్బి రావు. గాడికి కొవ్వొత్తి రుద్దాలి. రాత్రి ఎనిమిదో పలక వేసి ఇనుప కడ్డీ బిగిస్తే ఆ రోజు అయిపోయినట్టు.

సన్నిధి వీధి అంగళ్ళల్లో నామం పెట్టుకునే తెల్లటి తిరుమణి గడ్డలు, ఎర్రటి తిరుచూర్ణం, ఎర్రచందనం రాజారాణీ బొమ్మలు, కాశీదారాలు, రాగి చెంబులు. తిరుమణిని అరచేతిలో నాలుగు చుక్కల నీళ్ళతో అరగదీసి పెట్టుకోవాలి. చిక్కగా పెడితే ఆరాక పగిలి రాలుతుంది. తిరుచూర్ణం అంటే పసుపు, సున్నం. అసలుదేనా అని అనుమానమొస్తే నిమ్మచుక్క వేసి చూడమనేవాళ్ళు. పసుపైతే వెనక్కి తిరిగి పసుపుపచ్చనవుతుంది, రంగుపొడి అయితే ఎర్రగానే ఉంటుంది. ఎర్రచందనం బొమ్మ పిల్లలు ఆడుకోవడానికే కాదు. వాపు మీద పట్టు వెయ్యడానికి దాన్నే సానమీద అరగదీసేవాళ్ళు. అందుకే పాత ఇళ్ళల్లో రాజుగారికి కాళ్ళుండవు.

మళ్ళీ ఆ మూల మిద్దె దగ్గరికి. వీధిలోకి పొడుచుకొచ్చే మూల ఆ ఇంటికి కింద లేదు. నేల నుంచి మనిషెత్తు దాకా గోడ మూలను ఏటవాలుగా చెక్కేసి కట్టారు. ఆ పైన మామూలు మూల. అరుగు కూడా అక్కడ ఆగిపోయి అవతల మొదలవుతుంది. చెక్కిన మూల కింద పాతిన రాయి ఒకటి. మోకాలెత్తు నల్లరాయి. ముందు బండి చక్రం గోడనందుకోకుండా దానికి తగిలి తప్పుకోవాలని. వీధి వైపు దాని చెంప మీద నాలుగు వేళ్ళు పట్టేంత గాడి, అద్దంలా నునుపు. తేరు చేసింది కాదది. ఏళ్ళ తరబడి జట్కాలు మలుపు దగ్గరగా కోసినప్పుడల్లా చక్రం నడిమి కుండ రాసుకుని పడిన గాడి.

రాయి చుట్టూ మట్టి తోడితే పైనున్నదానికి రెండింతలు లోపల ఉంది. జేసీబీ పళ్ళు రెండుసార్లు జారాయి, మూడోసారి లేచింది. ట్రాక్టరులోకి ఎత్తబోతుంటే పక్కనే పూలమ్ముకునే ఆమె లేచొచ్చింది.

"అబ్బయా, దాన్ని ఎత్తకపోవద్దండి. ఈడ కరెంటు స్తంభం కాడ దించేయండి."

"ఎందుకు పెద్దమ్మా, పగలగొట్టి పునాదిలో ఏస్తాము గదా."

"మా అత్త కాలం నుంచి బుట్ట దానిమీదనే. నేలన పెడితే వాననీళ్ళు పూలల్లోకి పోవా?"

డ్రైవరు ఏమనుకున్నాడో, చెయ్యి తిప్పి స్తంభం పక్కన దించాడు. గాడి ఉన్న వైపు పైకొచ్చింది. ఆమె రాయికంటిన మట్టి చెంగుతో తుడిచి, తడి గోనె మడిచి పరిచి, బుట్ట పెట్టుకుంది. ఎవరో మరువం కలిపిన కదంబం రెండు మూరలు అడిగారు. మోచెయ్యి రాతి అంచుకు ఆనించి కొలవడం మొదలుపెట్టింది.